పొద్దుండగానే కనుమ దాటాలి

సెలవులు రాగానే నంద్యాలలో, ఆళ్లగడ్డలో కారున్న కుటుంబాలు మొదట చూసేది తూర్పు దిక్కుకే. ఒక పూట చాలనుకుంటే మహానంది, ఒక రోజు దొరికితే అహోబిలం, రెండు రోజులు కుదిరితే శ్రీశైలం. ఏ దారి పట్టినా చేరేది నల్లమలకే. చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ ఉద్యానాలు మూడు: పాపికొండలు, శేషాచలంలోని శ్రీవేంకటేశ్వర, కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న రాజీవ్‌గాంధీ ఉద్యానం. నంద్యాలకు ఆ పేరు దక్కలేదు గానీ వాటికంటే విశాలమైన అడవి దక్కింది. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిని 1978లో అభయారణ్యం చేశారు, 1983లో పులుల ప్రాజెక్టులో చేర్చారు. దానికి దక్షిణాన అప్పటి కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో సుమారు 1,194 చదరపు కిలోమీటర్ల గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం 1990లో వచ్చింది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్న అడవి అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్లింది, దక్షిణాన ఉన్నది మనకు మిగిలింది. ఈ అడవికి పోదామనుకున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఒక ఫిర్యాదు వినిపిస్తుంది. చెక్‌పోస్టులేమిటి, రాత్రి తొమ్మిదికల్లా గేటు మూయడమేమిటి, కారు ఆపి దిగొద్దనడమేమిటి, మన తాతలు శ్రీశైలం పోయినప్పుడు ఇవన్నీ ఉన్నాయా అని. ఉన్నాయనే ఈ వ్యాసం వాదన. ఇంతకంటే గట్టిగానే ఉన్నాయి. నల్లమలకు కుటుంబాలు ఎప్పుడూ అడవి పెట్టిన షరతుల మీదే వెళ్లాయి. షరతుల్లేని ప్రయాణమనే ఊహకు మోటారు బండికి ఉన్నంత వయసే ఉంది.

ముందు ఆ షరతులను పెట్టిన కొండ సంగతి చూడాలి. కృష్ణ నుంచి పెన్న దాకా ఉత్తర దక్షిణాలుగా సాగే నల్లమల, పడమట కుందేరు లోయలోని నల్లరేగడి నేలను తూర్పున కంభం, గిద్దలూరు సీమ నుంచి వేరు చేస్తుంది. బండ్లు, మందలు ఈ కొండను ఎక్కడపడితే అక్కడ దాటలేవు. పాత కర్నూలు జిల్లా రికార్డుల్లో ముఖ్యంగా రెండు కనుమల పేర్లే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నంది కనుమ, ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు మంత్రాల కనుమ. కనుమలో నీళ్లు దొరికే చోటే మజిలీ. ఆ నీళ్లు వానాకాలంలో పొంగి దారిని కోసేస్తాయి, వేసవి ముదిరితే ఎండిపోతాయి. వానల వెనకే చలిజ్వరం వస్తుంది. ఈ అడవి మీద ఆ జ్వరానికున్న పేరు ఎంతటిదంటే, దొరల కాలంలో అటవీ ఉద్యోగులు కూడా నల్లమల పోస్టింగు అంటే వెనకాడేవారు. ఇంతటి అడవిలోకి పిల్లలను, ముసలివాళ్లను వెంటబెట్టుకుని పోవాలంటే ఎప్పుడు పోవాలి? జవాబు మన పండగల పట్టికలోనే ఉంది. శ్రీశైలంలో శివరాత్రి, ఆ తర్వాత కన్నడ భక్తులు కాలినడకన వచ్చే ఉగాది, అహోబిలంలో ఫాల్గుణ బ్రహ్మోత్సవాలు, మహానంది శివరాత్రి తిరునాళ్లు. ఈ పెద్ద జాతరలన్నీ వానలు, జ్వరాలు వెనకబడి, చెరువుల్లో ఇంకా నీళ్లున్న ఆ రెండు మూడు నెలల్లోనే వస్తాయి. ఈ పండగలు దేశమంతటా ఉన్నవే, నల్లమల కోసం పుట్టినవి కావు. కానీ ఏడాదిలో ఎన్నో పర్వదినాలుండగా ఇక్కడి జనం బండ్లు కట్టింది మాత్రం ఈ కొన్నిటికే. ఆ ఎంపికలో భక్తికి ఎంత పాలుందో అడవికీ అంత పాలుందని నా నమ్మకం. ఇప్పుడు జూలై నుంచి సెప్టెంబరు దాకా, పులులు జతకట్టే కాలమని, అటవీశాఖ లోపలి సందర్శనలను ఆపేస్తోంది. మన పూర్వులు ఆ నెలల్లో తమంతట తాముగానే అడవి జోలికి పోలేదు.

దారి ఏర్పాటు చేయడం కూడా చిన్న పని కాదు, రాజులకే చేతనైన పని. 14వ శతాబ్దిలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. విజయనగర రాజు రెండో హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించింది. శాసనాల్లో వీటిని పుణ్యకార్యాలుగా చెప్పుకున్నారు, నిజమే. అయితే ఆ మెట్లు చేసిన పని ఇంకొకటి ఉంది. ఆత్మకూరు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలం పోయే పాత కాలిబాటలో భీముని కొలను దగ్గర దీన్ని కళ్లారా చూడొచ్చు. అక్కడ అడవి ఉన్నట్టుండి లోయలోకి దిగిపోతుంది. రాతి మెట్లు ఒక వైపు నుంచి లోయ అడుగుకు దించి, నీటి పక్కగా నడిపించి, మళ్లీ అవతలి గట్టుకు ఎక్కించి కైలాసద్వారానికి చేరుస్తాయి. మెట్టు అరిగి మధ్యలో గుంత పడింది. పక్కన అడుగు పెట్టడానికి చోటు లేదు, ఉన్నా ఎవరూ పెట్టరు. వేల మంది నడిచినా ఆ లోయలో ఆ ఒక్క వరుస తప్ప మిగతాదంతా అడవిగానే ఉండిపోయింది. మెట్లు జనాన్ని గుడికి చేర్చినట్టే, వాళ్లను ఒకే దారిన ఉంచాయి కూడా. రోడ్డు దిగి లోపలికి పోవద్దని నేడు బోర్డు చెప్పే మాటను ఆరు వందల ఏళ్ల కిందట రాయి చెప్పింది.

ఈ ప్రాంతంలో కుటుంబంతో చేసిన ప్రయాణానికి మనకున్న మంచి సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్యది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న ఇంటివాళ్లతో, బోయీలతో, పరిచారకులతో, దాదాపు వంద మంది పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. తిరుపతి, కడప దాటి అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుని హైదరాబాదు వైపు సాగాడు. దారిలో స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపిన సంగతులే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ఆ పుస్తకంలో దేవుడి వర్ణన కంటే ముందు కనిపించేది మజిలీ లెక్క. ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి వసతుంది, నీళ్లెలా ఉన్నాయి, దారి రాళ్లా ఇసుకా. ఇంటి పెద్దకు ప్రయాణమంటే మొదట ఈ లెక్కే. ఆయన నల్లమల దగ్గరికి వచ్చేసరికి వేసవి ముగుస్తోంది, ఋతువు చూసుకునే పోయేవారన్న నా మాటకు అది ఎదురు సాక్ష్యం కాదా అని అడగవచ్చు. కానీ ఆయన గమ్యం కాశీ. ఏడాదికి పైబడిన ప్రయాణంలో ఏదో ఒక అడవి ఏదో ఒక చెడ్డకాలంలో తగలక తప్పదు. ఆయన చెడ్డకాలంలో వచ్చాడు కాబట్టే అంత పరివారం కావలసి వచ్చింది. నంద్యాల రైతు కుటుంబానికి ఆ బలగం లేదు. గూడు బండిలో గడ్డి పరిచి, జొన్నరొట్టెలు, బొరుగులు మూటగట్టి, ఊరివాళ్ల బండ్లతో కలిసి పోయేవారు. అడవి మొదలయ్యే చోట ఎద్దులను విప్పి, అక్కణ్నుంచి నడక, నడవలేనివాళ్లకు డోలీ. ఒంటరిగా ఏ బండీ కనుమలోకి దిగేది కాదు. సూర్యుడు పడమటికి వాలాక ఎవరూ కొత్త మజిలీకి బయల్దేరేవారు కాదు.

అన్నిటికంటే పెద్ద షరతు మనుషుల రూపంలో ఉండేది. ఈ అడవి చెంచులది. నవాబుల కాలంలోనూ, 1839లో ఇంగ్లీషువాళ్లు కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాన్‌ను దించి సీమను కలుపుకున్నాకా, కనుమల కావలి చెంచులకే అప్పజెప్పి అందుకు ప్రతిఫలం ఇచ్చిన సంగతి జిల్లా చరిత్రలో ఉంది. శివరాత్రికి పోయే జనం వాళ్ల తోడు లేకుండా పెద్దచెరువు దాటడం అరుదు. ఏ చెలమలో నీళ్లున్నాయో, ఏ మలుపులో ఎలుగు ఉందో తెలిసింది వాళ్లకే. దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. అదే దొరల రాతల్లో చెంచులను దారిదోపిడీ చేసేవాళ్లుగానూ రాశారు, యాత్రికుల దగ్గర బలవంతంగా వసూలు చేసేవారన్నారు. కావలివాడినే దొంగ అంటుంటే ఆ కావలిని గొప్పగా చెప్పుకోవడమేమిటి? దీనికి నా సమాధానం రెండు మాటల్లో చెప్తాను. తమ నేల మీదుగా వేల మంది నడుస్తుంటే దానికి ప్రతిఫలం అడగడం దోపిడీ కాదు. గుడి దగ్గర పన్ను సర్కారు వసూలు చేస్తే హక్కు అయినప్పుడు, అడవిలో చెంచు అడిగితే నేరమెలా అయింది? ఇక నిజమైన దొంగతనాలు కొన్ని జరిగి ఉండవచ్చు, అవి జరగని రహదారి ఆ కాలంలో దేశంలోనే లేదు. దొంగల గుంపు అని రాసిన సర్కారే కనుమల కావలికి మళ్లీ వాళ్లనే పెట్టుకోవడం నాకు బలమైన సాక్ష్యంగా కనిపిస్తుంది. నమ్మకం లేని చోట ఎవరూ దారిని అప్పగించరు.

అడవికీ మైదానానికీ మధ్య ఉన్న ఈ ఒప్పందం ఎంత లోతైనదో అహోబిలం పార్వేటలో తెలుస్తుంది. చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని నరసింహస్వామి పెళ్లాడాడని, ఆ పెళ్లికి ఊరూరా తానే పోయి జనాన్ని పిలుస్తాడని ఇక్కడివాళ్ల నమ్మకం. కనుమ పండగ నాడు చెంచులు విల్లంబులు పట్టుకుని వచ్చి తమ అల్లుడిని సాగనంపుతారు. పల్లకిలో జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఉత్సవమూర్తులుగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. దాదాపు నెలన్నర ప్రయాణం. ఊళ్లో పల్లకి దిగే కట్టను తెలుపు అంటారు. దాని ముందు ముగ్గులు వేసి, కొత్త బట్టలు కట్టి, ఆడబిడ్డలను పుట్టింటికి పిలిపించుకుని, తెలుపు మీద స్వామి కొలువైనంత సేపూ ఊరంతా కొలుస్తుంది. సంక్రాంతికి రాని కూతురు పార్వేటకు తప్పకుండా వస్తుందంటారు ఈ వైపు. పల్లకి ఏ ఊరు ఏ రోజు పోవాలి, ఎవరు మోయాలి, ఎక్కడ రాత్రి ఆగాలి అన్నీ తరాలుగా తేలిపోయిన ఏర్పాట్లు. అంతా అయ్యాక స్వామి తిరిగి అడవికి చేరతాడు, ఫాల్గుణంలో పెళ్లి జరుగుతుంది, అప్పుడు జనం అడవికి పోతారు. ఇందులోని వరస గమనించదగింది. ముందు అడవి ఊరికి వచ్చి పిలుస్తుంది, ఆ పిలుపు అందుకున్నాకే ఊరు అడవికి పోతుంది. పిలవని పేరంటానికి పోకూడదన్న మర్యాద అడవి విషయంలోనూ పాటించిన జనం వీళ్లు. కృష్ణదేవరాయలంతటి వాడు కళింగ యుద్ధాల నడుమ అహోబిలం వచ్చినప్పుడు నగలు, ఊరు సమర్పించుకుని వెళ్లాడని శాసనం చెబుతోంది. రాజైనా ఈ గుమ్మంలో ఇచ్చి పోవలసినవాడే.

మరి ఈ మర్యాద ఎక్కడ చెదిరింది? 1876-78 నాటి ఘోర కరువు తర్వాత, కరువు సీమలకు తిండిగింజలు చేరవేయాలన్న ఆలోచనతో బళ్లారి నుంచి కృష్ణా తీరానికి మీటరుగేజీ రైలుదారి వేశారు. అది నంద్యాల దాటి గాజులపల్లె, చలమ, దిగువమెట్టల మీదుగా నల్లమలను చీల్చుకుని పోయింది. బొగద దగ్గర కొండను తొలిచారు, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తయిన ఇనుప వంతెన కట్టారు. బ్రాడ్‌గేజీ వచ్చాక ఆ వంతెనను వదిలేశారు గానీ స్తంభాలు ఇంకా అడవిలో నిలిచే ఉన్నాయి. మొదటిసారి ఒక కుటుంబం చెంచు తోడు లేకుండా, కాలు కింద పెట్టకుండా, రాత్రి పూట నిద్రపోతూ నల్లమలను దాటగలిగింది. అదే సమయంలో 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారు ఆస్తి అయింది, కావలి చెంచు తన అడవిలోనే అనుమతి అడగవలసిన వాడయ్యాడు. రైలు ఇంకా నయం, అది పట్టాల మీదే పోతుంది. 1963లో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశాక లారీలు, యంత్రాలు, కూలీలు, వాళ్ల వెనకే బస్సులు, తర్వాత కార్లు అడవిలోకి వచ్చాయి. ఒక తరం గడిచేసరికి ఋతువు, గుంపు, పగలు, తోడు అన్న నాలుగు షరతులూ ఇంటివాళ్ల జ్ఞాపకంలోంచి జారిపోయాయి. ఎప్పుడు తోస్తే అప్పుడు, ఎవరూ తోడు లేకుండా, అర్ధరాత్రి అయినా సరే పోవచ్చుననుకోవడం అప్పుడే మొదలైంది.

ఇక్కడ చదువరి గట్టిగానే అడ్డుకోవచ్చు. పాత షరతులు మనిషి బలహీనత వల్ల వచ్చినవి, చేతిలో కట్టె తప్ప మరేమీ లేనివాడు పులికి భయపడ్డాడు, కారు అద్దాల వెనక కూర్చున్నవాడికి ఆ భయం లేదు, భయం పోయాక షరతు ఎందుకు? చక్కని ప్రశ్న. కారు వచ్చాక భయం పోలేదు, చేతులు మారింది. అప్పుడు కనుమలో ప్రాణభయం మనిషిది, ఇప్పుడు రోడ్డు దాటే జింకది, దుప్పిది, చిరుతది. రాత్రివేళ హెడ్‌లైట్ల ముందు కాళ్లాడక నిలబడిపోయిన జంతువుకు తప్పించుకునే దారి లేదు. శ్రీశైలం ఘాట్ రోడ్లలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా గేట్లు మూసేది అందుకే. పైగా మనిషికి భయం పూర్తిగా పోయిందనడమూ నిజం కాదు. 2024 జూన్‌లో పచ్చర్ల దగ్గర కట్టెలకు పోయిన ఒక మహిళ చిరుత బారిన పడి ప్రాణాలు కోల్పోయింది. నంద్యాల-గిద్దలూరు రోడ్డు మీద కార్లలో పోయేవాళ్లు కోతులకు బిస్కెట్లు విసిరి, తిన్న ఆకులు, మిగిలిన అన్నం రోడ్డు పక్కన పారేసి పోతే, వాటికి కుక్కలు, కోతులు చేరతాయి, వాటి కోసం చిరుత రోడ్డు దగ్గరికి, గూడెం దగ్గరికి అలవాటు పడుతుంది. సరదాగా పోయినవాళ్లు సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఆ చిరుతతో బతకవలసింది అక్కడి ఊళ్లవాళ్లు.

ఇంకో అభ్యంతరానికి నేను పూర్తిగా ఎదురు చెప్పను. ఆత్మకూరు, దోర్నాల జనానికి ఘాట్ రోడ్డు విహారం కాదు, బతుకుదారి. ఆసుపత్రికి, పరీక్షకు, పంట అమ్మకానికి పోయేవాడిని కూడా సెలవుల్లో సరదాకు పోయే కుటుంబంతో ఒకే గాటన కట్టి గేటు దగ్గర నిలబెట్టడం న్యాయం కాదు. అత్యవసరానికి దారి ఉండాలి, అది అధికారి మర్జీ మీద కాకుండా స్పష్టమైన నియమంగా ఉండాలి. ఇంకా పెద్ద అన్యాయం చెంచులకు జరిగింది. వందల ఏళ్లు దారి కాచినవాళ్లు ఇవాళ అడవి నుంచి ఎప్పుడు పంపించేస్తారో అన్న బెంగతో గూడేల్లో ఉంటున్నారు. అయితే ఒక మంచి మార్పు కూడా మొదలైంది. పులుల రక్షణ కోసం అటవీశాఖ పెట్టిన కాపలా బృందాల్లో చెంచు యువకులు పెద్ద సంఖ్యలో ఉన్నారు, బైర్లూటి, పచ్చర్ల జంగిల్ క్యాంపుల్లో, సఫారీ జీపుల్లో చెంచులకు పని దొరుకుతోంది. దీన్ని దయగా చూడకూడదు, పాత ఒప్పందం మళ్లీ అమలులోకి రావడంగా చూడాలి. దారి చూపేవాడికి, కాపలా కాసేవాడికి రావలసిన ప్రతిఫలం మజిలీ మజిలీకీ అందిన రోజుల్లోనే ఈ ప్రయాణం నిలిచింది.

కాబట్టి ఈ సెలవుల్లో నల్లమల పోదామనుకున్న నంద్యాల, ఆళ్లగడ్డ కుటుంబాలకు చరిత్ర చెప్పే ఏర్పాటు కొత్తదేమీ కాదు. కార్తీకం నుంచి శివరాత్రి లోపల పెట్టుకోండి. తెల్లవారుజామున కాకుండా బాగా తెల్లవారాక బయల్దేరి, చీకటి పడేలోపు ఘాట్ దిగేలా చూసుకోండి. నీళ్లు, తిండి ఇంటి నుంచి తీసుకుపోయి, ఖాళీ సీసా దగ్గర నుంచి విస్తరాకు దాకా తిరిగి తెచ్చుకోండి. అడవి లోపలికి పోవాలనుకుంటే సొంత కారు చెక్‌పోస్టు దగ్గర ఆపి క్యాంపు జీపు ఎక్కండి, చెంచు గైడును అడిగి తీసుకోండి, అతనికి ఇవ్వవలసింది బేరం లేకుండా ఇవ్వండి.